నాకు తెలియకుండా నా పేపర్‌ని జర్నల్‌కి పంపారు. వెనక్కి తీసుకుంటానంటే డబ్బు కట్టమంటున్నారు

నీటిచుక్క | సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడాది. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ నా టాపిక్. వానలకు ముందొకసారి, వానలయ్యాక ఒకసారి ఊరూరా తిరిగి శాంపిళ్లు తెచ్చాను. రీడింగులన్నీ నేను కూర్చుని తీసినవే. థీసిస్‌లో మూడో చాప్టర్ మొత్తం ఇదే.

పోయిన వారం ఉన్నట్టుండి ఒక మెయిల్ వచ్చింది, మీ పేపర్ యాక్సెప్ట్ అయింది, అభినందనలు అని. నేను ఎక్కడికీ పంపలేదు. కనుక్కుంటే, ఫార్మాటింగ్ చూడమని మా గైడ్ గారు డ్రాఫ్ట్‌ని ల్యాబ్‌లో ఒక సీనియర్‌కి ఇచ్చారట. ఆయన వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక జర్నల్‌కి పంపేశారు. సోమవారం పంపితే గురువారానికి యాక్సెప్టెన్స్! పేపర్‌ని పరిశీలించిన నిపుణుల రివ్యూ కామెంట్లు చూపించమంటే అర పేజీ ఇచ్చారు: ఇంగ్లిష్ సరిచూసుకోండి, రిఫరెన్సులు పెంచండి, అంతే. మా పద్ధతి గురించి గానీ శాంప్లింగ్ గురించి గానీ ఒక్క ప్రశ్న లేదు.

పేర్ల దగ్గర ఇంకో సంగతి. నేను, సార్, సీనియర్ ముగ్గురం అనుకుంటే అక్కడ నాలుగు పేర్లున్నాయి. నాలుగో ఆయన పక్క డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్. ఆయన ఈ డ్రాఫ్ట్ చదివారో లేదో కూడా నాకు తెలియదు.

అన్నిటికంటే భయపెట్టింది ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు సరిచూసుకోమని పంపే ప్రతి. టేబుల్ 2లో ఒక ఊరి బోరు దగ్గర లీటరుకు 4.6 మిల్లీగ్రాములు ఉండాల్సింది 46 అని పడింది. దశాంశ బిందువు ఎగిరిపోయింది. అలాంటి అంకె బయటికెళ్తే ఆ ఊరి వాళ్లు ఏమనుకోవాలి?

ప్రచురించొద్దని మెయిల్ పెట్టాను. విత్‌డ్రాయల్ ఫీజు 8,000 రూపాయలు కడితేనే తీస్తాం, లేదంటే అలాగే వేసేస్తాం అన్నారు. కట్టేసి వదిలించుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయాలి?

గ్రంథాలయం మెట్లు | సోమవారం రాత్రి 11:25

ఒక్క రూపాయి కూడా కట్టకండమ్మా. కట్టినా తీస్తారన్న నమ్మకం లేదు. మీరు భయపడ్డారని తెలిస్తే ఇంకో పేరుతో ఇంకో బిల్లు వస్తుంది. యూనివర్సిటీ లైబ్రరీలో పని చేస్తాను, ఇలాంటి కేసులు నా టేబుల్ దగ్గరికి తరచూ వస్తాయి.

ముందు ఒక్క సంగతి చెప్పండి. కాపీరైట్ ట్రాన్స్‌ఫర్ ఫారం మీద మీరు సంతకం పెట్టారా? పెట్టకపోతే మీ చేతిలో చట్టం ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, హక్కుదారు గానీ ఆయన అధికారం ఇచ్చిన ప్రతినిధి గానీ సంతకం పెట్టాలి. "రచయితలందరి తరఫున" అని సీనియర్ ఒక్కరే పెట్టిన సంతకం, మీరు అధికారం ఇవ్వనప్పుడు, మీ హక్కుని లాక్కుపోలేదు.

ఈ రాత్రే ఒక మెయిల్ రాయండి. కోపం వద్దు, వివరణ వద్దు, నాలుగే వాక్యాలు. నా అనుమతి లేకుండా ఈ పేపర్ సమర్పించారు. నేను ఏ కాపీరైట్ పత్రం మీదా సంతకం చేయలేదు. ప్రూఫ్‌లో డేటా తప్పులున్నాయి, దాన్ని నేను ఆమోదించడం లేదు. ఈ తేదీ నుంచి పేపర్‌ని ఉపసంహరించుకుంటున్నాను. గైడ్ గారిని, సీనియర్‌ని కాపీలో పెట్టండి. వీలైతే గైడ్ గారి చేత కూడా అదే మెయిల్ ఇప్పించండి. వాళ్లు పంపినవన్నీ, వాట్సాప్ స్క్రీన్‌షాట్లతో సహా, ఒక ఫోల్డర్‌లో దాచుకోండి.

లెక్చరర్_వరంగల్ | మంగళవారం ఉదయం 7:10

మేడం, ఆ సీనియర్ మీద ఒక్కసారే విరుచుకపడకండి. ఆయన చేసింది తప్పే, కాదంటలేను. కానీ మా దిక్కు సంగతి చెప్త. నేను ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీల పని చేస్త. ఏటా రెండు పేపర్లు చూపియ్యకుంటే ఇంక్రిమెంట్ లేదు. ల్యాబ్ లేదు, జర్నల్ సబ్‌స్క్రిప్షన్ లేదు, వారానికి ఇరవై గంటలు క్లాసులు. కాలేజీకి గ్రేడిచ్చే అక్రెడిటేషన్ టీం వచ్చే ముందల లిస్టు పెద్దగ కనిపియ్యాలంటరు. పేపర్ల ఏముందో ఒక్కరు గూడ చదవరు, ఎన్ని అన్నదే అడుగుతరు. గసొంటి చోట మూడు రోజుల్ల యాక్సెప్టెన్స్ ఇస్తమని మెసేజ్ వస్తే మనిషి ఊగిసలాడుతడు.

నేను పంపలేదు, పంపను. అందుకు రెండేండ్ల సంది ఇంక్రిమెంట్ పోయింది. పోతే పోయింది గని, పంపిన వాళ్లందరు దొంగలు అంటే నాకు కష్టమనిపిస్తది.

కావలి మాస్టారు | మంగళవారం ఉదయం 9:30

వరంగల్ లెక్చరర్ గారి బాధ నిజం. రిటైరయ్యేదాకా నేనూ ప్రమోషన్ కమిటీల్లో కూర్చున్నాను కాబట్టి దీని వేరెక్కడుందో చెబుతాను.

2017 జనవరిలో యూజీసీ ఒక ఆమోదిత జాబితా పెట్టింది, ముప్పై వేల పైచిలుకు జర్నళ్లతో. అందులో కొంత భాగం యూనివర్సిటీలు సిఫారసు చేసినవి. ఎవరు ఏది పంపితే అది చేరిపోయింది. పుణెలో భూషణ్ పట్వర్ధన్ గారి బృందం ఆ సిఫారసు భాగాన్ని పరిశీలించి 2018లో కరెంట్ సైన్స్‌లో రాసింది. వాళ్లు చూసిన వాటిలో 88 శాతం ప్రమాణాలకు తూగలేదు. ఆ మే నెలలోనే యూజీసీ 4,305 జర్నళ్లను తీసేసింది. 2018 చివర్లో మంచి జర్నళ్లను ఎంచడానికి కేర్ అనే ఏర్పాటు అన్నారు, 2019లో కొత్త జాబితా తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, ఇవిగో సూచనలు, ఏది మంచిదో మీ సంస్థలే తేల్చుకోండి అన్నారు. జాబితా ఉన్నప్పుడు ఆ జర్నళ్ల పేర్లతోనే నకిలీ వెబ్‌సైట్లు పుట్టాయి. ఇప్పుడు జాబితా లేదు, కానీ "యూజీసీ కేర్ జర్నల్" అని వాట్సాప్‌లో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అమ్మాయ్, మీ సీనియర్‌కి వచ్చిన మెసేజ్‌లో ఆ మాట ఉందేమో చూడు.

ఇక ఆ నాలుగో పేరు. నియామకాలు, ప్రమోషన్ల మీద వచ్చిన 2018 యూజీసీ నిబంధనల్లో సైన్సు పేపర్ ఒక్కదానికి 8 పాయింట్లు. ఇద్దరికంటే ఎక్కువమంది రచయితలుంటే మొదటి రచయితకో, ప్రధాన రచయితకో 70 శాతం, మిగతా వాళ్లు ఒక్కొక్కరికీ 30 శాతం. జాగ్రత్తగా చూడండి, ఒక్కొక్కరికీ! ఆ 30 శాతాన్ని వాళ్లంతా కలిసి పంచుకోవడం కాదు. నాలుగో పేరు చేర్చినా ఐదో పేరు చేర్చినా అప్పటికే ఉన్న వాళ్లకి నయా పైసా తగ్గదు, కొత్తగా వచ్చినాయనకి పాయింట్లు ఊరికే వస్తాయి. "మీదాంట్లో నన్ను వేయండి, నాదాంట్లో మిమ్మల్ని వేస్తాను" అన్న బేరం అక్కడ పుడుతుంది. పాయింట్ల పట్టిక రాసినవాళ్లు ఈ ఒక్క అంకె మార్చి ఉంటే సగం మొహమాటాలు తప్పేవి.

ఒహాయో పోస్ట్‌డాక్ | మంగళవారం సాయంత్రం 6:50

విత్‌డ్రాయల్ పేరు చెప్పి బెదిరించడం మన హైదరాబాద్ పేరుతోనే అమెరికా కోర్టుకెక్కిన విషయం. హైదరాబాద్‌లో జర్నళ్లు వేసే ఓమిక్స్ అనే కంపెనీ మీద అమెరికా వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో కేసు వేసింది. రివ్యూ సరిగా చేయకుండానే చేశామన్నారని, యాక్సెప్ట్ అయ్యేదాకా ఫీజు సంగతి దాచారని, అడగకుండానే ప్రొఫెసర్ల పేర్లు ఎడిటర్లుగా వేసుకున్నారని ఆరోపణలు. పేపర్ వెనక్కి ఇమ్మంటే ఇవ్వకుండా, వేరే జర్నల్‌కి పంపే దారి మూసేస్తున్నారన్నది కూడా వాటిలో ఒకటి. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మీకు జరిగిందీ అదే పద్ధతి. కాబట్టి ఇది మీ ఒక్కరి దురదృష్టం అనుకోకండి.

ఇక్కడ కాన్ఫరెన్సుల్లో నా బ్యాడ్జీ మీద ఊరి పేరు చూసి ఆ కంపెనీ సంగతి ఎత్తిన వాళ్లున్నారు. ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలున్న ఊరికి ఇలాంటి గుర్తింపు రావడం మనసుకి కష్టంగా ఉంటుంది.

సూటిగా_శ్రీకాకుళం | మంగళవారం రాత్రి 8:15

ఇంత చర్చ దేనికండీ. రచయిత దగ్గర డబ్బు తీసుకునే ఏ జర్నలైనా దొంగ జర్నలే. ఫీజు అడిగారా, వదిలేయండి. అదొక్కటే పరీక్ష.

సంపాదకుడి బల్ల | మంగళవారం రాత్రి 9:40

సూటిగా గారూ, ఆ పరీక్ష సరిపోదు. నేను ఒక చిన్న సొసైటీ జర్నల్‌కి ఎడిటర్‌ని, మేం ఫీజు తీసుకోం. బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లూ రచయితల్ని డబ్బు అడగవు. అదే సమయంలో, ఫీజు తీసుకుని కఠినంగా రివ్యూ చేసేవీ చాలా ఉన్నాయి. రేటు ముందే వెబ్‌సైట్లో పెడతారు, కట్టలేని వాళ్లకి మాఫీ ఉంటుంది, ఫీజు సంగతి చూసేవాళ్లకీ పేపర్ సంగతి తేల్చేవాళ్లకీ సంబంధం ఉండదు.

పెద్ద పబ్లిషర్ అయితే చాలు అనుకోవడానికీ లేదు. హిందావీ అనే పబ్లిషర్‌ని వైలీ అనే ఇంకో పెద్ద పబ్లిషర్ 2021లో దాదాపు 30 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రత్యేక సంచికల్లోకి డబ్బుకి నకిలీ పేపర్లు తయారుచేసి అమ్మే పేపర్ మిల్లుల సరుకు దూరిపోయి, 2023 ఒక్క ఏడాదిలో 8,000కి పైగా పేపర్లు ఉపసంహరించాల్సి వచ్చింది. చివరికి ఆ పేరే వదిలేశారు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 2013లో జాన్ బొహానన్ కావాలనే తప్పులతో ఒక నకిలీ పేపర్ తయారుచేసి ఎవరైనా ఉచితంగా చదవగలిగే 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 ఒప్పేసుకున్నాయి. అతను ఎంచుకున్న వాటిలో దాదాపు మూడో వంతు మన దేశానివి. ఆ వివరాలు సైన్స్ పత్రికలో చదివిన రోజు తల కొట్టేసినట్టయింది.

నీటిచుక్క గారూ, నేను జర్నల్‌ని ఇలా చూస్తాను. ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరిని ఎంచుకుని వాళ్ల సంస్థ వెబ్‌సైట్లో ఉన్న ఈమెయిల్‌కి రాసి అడుగుతాను, నిజంగా మీరు బోర్డులో ఉన్నారా అని. ప్రచురణలో నైతికత చూసే కోప్ అనే సంస్థ లోగో కనిపిస్తే నమ్మను, కోప్ వెబ్‌సైట్‌లో సభ్యుల జాబితా తెరిచి వెతుకుతాను. ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా అంటారు, అది గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతతో పని లేదు. జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే క్లారివేట్ కంపెనీ ఇచ్చేదే, ముందు ఇంకో పేరు తగిలించి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోను.

నీటిచుక్క | బుధవారం ఉదయం 6:20

అందరికీ కృతజ్ఞతలు. సంతకం నేను పెట్టలేదు. మెయిల్ పంపేశాను. మాస్టారు గారూ, మీరన్నట్టే మెసేజ్‌లో "యూజీసీ కేర్, స్కోపస్, 72 గంటల్లో యాక్సెప్టెన్స్" అని ఉంది.

ఇప్పుడు రెండు సందేహాలు. వాళ్లు జవాబే ఇవ్వకపోతే ఈ పేపర్‌ని వేరే మంచి జర్నల్‌కి పంపొచ్చా, అది ఒకే పేపర్‌ని రెండు చోట్లకి పంపినట్టు అవుతుందా? రెండోది, ఆ నాలుగో సార్ సంగతి. నిన్న తెలిసింది, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ మీటర్ వాళ్ల డిపార్ట్‌మెంట్‌దే, వాడుకోనిచ్చింది ఆయనే. అందుకే పేరు పెట్టారట. నిజానికి ఆ మీటర్ లేకపోతే నా పని ఆగిపోయేది. ఇప్పుడు పేరు తీసేయమంటే మళ్లీ ఆ ల్యాబ్ గడప తొక్కనిస్తారా?

సంపాదకుడి బల్ల | బుధవారం ఉదయం 8:05

మొదటిదానికి. దాచిపెట్టి పంపితే తప్పు, చెప్పి పంపితే దారి ఉంటుంది. ఉపసంహరణ మెయిల్‌కి గడువు పెట్టండి, రెండు వారాలు చాలు. జవాబు రాకపోతే ఇంకోసారి గుర్తుచేసి, కొత్త జర్నల్‌కి పేపర్ పంపేముందు అక్కడి ఎడిటర్‌కి ఉత్తరం రాయండి, జరిగింది జరిగినట్టు, మెయిళ్లు జతచేసి. నాకు అలాంటి ఉత్తరాలు వచ్చాయి. తేదీలు, రుజువులు ఉంటే నేను పేపర్ తీసుకున్నాను. చెప్పకుండా పంపిన సంగతి తరవాత నాకై నాకు కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో దొరికితే మాత్రం ఆ మనిషి ఎంత మంచివాడైనా వెనక్కి పంపక తప్పదు. అందరు ఎడిటర్లూ నాలాగే ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను, అందుకే ముందు అడగమంటున్నాను.

రెండోదానికి. వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ పెట్టిన కొలత వైద్యం దాటి చాలా రంగాల్లో వాడుతున్నారు. రచయిత కావాలంటే నాలుగూ ఉండాలి: పని రూపకల్పనలోనో డేటా సేకరణ, విశ్లేషణలోనో గట్టి పాలు, రాయడంలోనో మేధోపరంగా సరిదిద్దడంలోనో చెయ్యి, తుది ప్రతికి ఆమోదం, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత. పరికరం ఇవ్వడం గొప్ప సాయమే, దాని చోటు కృతజ్ఞతల్లో. పేరు పెట్టి, డిపార్ట్‌మెంట్ పెట్టి, ఏం సాయం చేశారో స్పష్టంగా రాయండి.

ఒకటి గుర్తుంచుకోండి, పేర్ల తగాదాని జర్నల్ తీర్చదు. మేం సంస్థకే పంపిస్తాం, కోప్ చెప్పేదీ అదే. కాబట్టి పంపకముందే మీలో మీరు తేల్చుకోవాలి.

కావలి మాస్టారు | బుధవారం ఉదయం 10:15

ల్యాబ్ గడప గురించి. నువ్వు ఒక్కదానివీ వెళ్లకు. మీ గైడ్‌ని ముందు పెట్టుకుని వెళ్లు. "పేరు తీసేస్తున్నాం" అనకు. ఆ ప్రూఫ్ పట్టుకెళ్లి, "సార్, ఇందులో 46 అని పడింది. రేపు ఎవరైనా అడిగితే మీరూ జవాబు చెప్పాల్సి వస్తుంది" అని చూపించు. తన పేరు మీదికి ఏం వచ్చి పడుతోందో కళ్లారా చూస్తే చాలామంది తామే వద్దంటారు. అచ్చయ్యాక పేపర్ ఉపసంహరిస్తే నోటీసులో అందరి పేర్లూ ఉంటాయి, ఎవరు చేశారన్నది చాలాసార్లు ఉండదు.

తిరుపతిలో కెమిస్ట్రీ వ్యవహారం ఆ రోజుల్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2004–2007 మధ్య ఒక ప్రొఫెసర్ పేరు మీద వచ్చిన దాదాపు డెబ్బై పేపర్లలో కాపీలు, కల్పితాలు ఉన్నాయని 2008లో ప్రపంచమంతా రాశారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో నిజాయితీగా పని చేసిన వాళ్లూ ఎందరో ఉన్నారు. ఆ ఏడాది వాళ్లు బయట తలెత్తుకోవడానికి పడ్డ ఇబ్బంది నాకు తెలుసు.

గణాంకాల గోపీ | బుధవారం మధ్యాహ్నం 1:30

అందరూ పేర్ల గురించి, ఫీజు గురించి మాట్లాడారు. నేను ఆ 46 దగ్గరే ఆగిపోయాను. తాగునీటిలో ఫ్లోరైడ్‌కి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. 4.6 అంటేనే పిల్లల పళ్లకీ ఎముకలకీ ముప్పు. 46 అని అచ్చయితే, తరవాత జిల్లా సగటు కట్టేవాళ్లు ఆ అంకెని ఎత్తుకుంటారు. లేదా ఇది అసాధ్యం అని మీ డేటా మొత్తాన్ని పక్కన పడేస్తారు. రెండో పక్షంలో ఆ ఊరి నిజమైన 4.6 కూడా పోతుంది. నాకు అదే ఎక్కువ నష్టంగా కనిపిస్తుంది. ఒక చోట ట్యాంకు కట్టాలా వద్దా అన్న ఫైలులో ఈ అంకెలే ఉంటాయి.

అందుకని ఒక పని చేయండి. మీ ముడి రీడింగుల పట్టికని జెనోడోలో పెట్టండి. అది పరిశోధన డేటా దాచే వెబ్‌సైట్, యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ నడుపుతుంది, ఉచితం, తేదీతో సహా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తుంది. గైడ్ అనుమతి తీసుకోండి, ఇళ్ల వాళ్ల పేర్లు తీసేయండి. రేపు ఆ జర్నల్ తప్పుడు టేబుల్ వేసినా, అసలు అంకెలు ఏ రోజు నుంచి బయట ఉన్నాయో ఎవరైనా చూడగలుగుతారు.

లెక్చరర్_వరంగల్ | బుధవారం రాత్రి 9:00

గోపీ గారు చెప్పింది చదివినంక నా మాట కొంచెం మార్చుకుంట. సీనియర్ కష్టం నాకు తెలుసు, ఇప్పటికీ తెలుసు. కానీ ఆయన ఒత్తిడికి ఆ ఊరోళ్ల అంకె ఎందుకు బలి కావాలె? కాలేజీల మీద ఒత్తిడి పెట్టాల్సింది మనం, పేపర్ల మీద కాదు. 2022 నిబంధనల్ల పీహెచ్‌డీకి ముందు జర్నల్ పేపర్ ఉండాల్సిందే అన్న షరతు యూజీసీ తీసేసింది. అయినా చానా యూనివర్సిటీలు తమ రూల్స్‌ల అట్లనే ఉంచుకున్నయి. మీ దగ్గర ఏముందో చూసుకోండి మేడం, తొందర పడాల్సిన పని లేకపోవచ్చు.

నీటిచుక్క | శనివారం సాయంత్రం 5:45

నిన్న గైడ్ గారితో కలిసి ఆ నాలుగో సార్ దగ్గరికి వెళ్లాను. మొదట మా గైడ్ గారే "ఎందుకమ్మా గొడవ, వేసేస్తే వేసేయనీ" అన్నారు. ప్రూఫ్ ఆయన ముందు పెట్టి నా నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ తెరిచి పక్కన పెట్టాను. ఒక్క నిమిషం చూసి, ఆయనే తన మెయిల్ నుంచి జర్నల్‌కి రాశారు. నాలుగో సార్ అయితే తన పేరు ఉన్న సంగతే తెలియదన్నారు! సీనియరే మర్యాద కోసమని పెట్టారట. కృతజ్ఞతల్లో వేస్తే చాలన్నారు, మీటర్ ఎప్పుడు కావాలన్నా వచ్చి వాడుకోమన్నారు.

జర్నల్ నుంచి ఇవాళ మళ్లీ మెయిల్, ఈసారి ఫీజు 5,000కి తగ్గించారు. జవాబివ్వలేదు. సీనియర్ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంటర్వ్యూకి ఆయనకి ఒక పేపర్ కావాలి, ఆ తొందరలోనే ఇదంతా. డేటాలో కొంత విశ్లేషణ ఆయన నిజంగానే చేశారు, కాబట్టి పేరు ఉంటుందని చెప్పాను.

ఒకవేళ వాళ్లు మొండిగా ప్రచురిస్తే ఏం చేయాలి? ఇంకోటి, మా ల్యాబ్‌లో ఇకమీద ఎవరి పేపరూ ఇలా వెళ్లకుండా ఒక ఫారం పెట్టుకుందామని గైడ్ గారు అన్నారు. ఎవరి దగ్గరైనా నమూనా ఉందా?

గ్రంథాలయం మెట్లు | శనివారం రాత్రి 8:30

ప్రచురిస్తే కంగారు పడకండి. ఆ పేపర్ గురించి, అచ్చయిన పేపర్లపై వ్యాఖ్యలు రాసే వెబ్‌సైట్ పబ్‌పీర్‌లో మీ అసలు పేరుతో రాయండి: రచయితలు ఫలానా తేదీన ఉపసంహరించుకున్నారు, టేబుల్ 2 తప్పు, సరైన డేటా ఈ డీఓఐలో ఉంది అని. రిజిస్ట్రార్‌కీ లైబ్రరీకీ ఒక కాపీ ఇవ్వండి. థీసిస్‌లో ఎంత భాగం వేరేచోట అచ్చయినదానితో కలుస్తుందో చూపే సిమిలారిటీ రిపోర్టులో ఆ పేపర్ తగిలితే ఈ కాగితాలే అక్కరకొస్తాయి. కాపీల మీద వచ్చిన 2018 యూజీసీ నిబంధనల్లో ఆ పోలిక 10 శాతం దాటితే మొదలవుతుంది కదా పేచీ, కాబట్టి థీసిస్ సమర్పించేటప్పుడే గైడ్ లేఖ జతచేయించుకోండి, రిపోర్టు వచ్చాక కాదు. నెలకోసారి మీ పేపర్ శీర్షికతో గూగుల్ స్కాలర్‌లో వెతకండి.

సంపాదకుడి బల్ల | శనివారం రాత్రి 9:10

మీ గైడ్ గారికి నా నమస్కారాలు చెప్పండి.

ఫారం ఒక పేజీ మించకూడదు, పెద్దదైతే ఎవరూ నింపరు. పైన శీర్షిక, ఏ జర్నల్‌కి, ఆ జర్నల్‌ని ఎవరు ఎలా పరిశీలించారు. కింద ఒక్కో రచయిత ఏం చేశారో ఎవరి చేతిరాతతో వాళ్లు ఒక్క వాక్యం. "సాయం చేశాను" లాంటి మాట కుదరదు, ఏ పని అన్నది రాయాలి. తుది ప్రతి చదివాను అని తేదీతో సంతకం. కృతజ్ఞతల్లో ఎవరెవరు. చివర ముడి డేటా ఎక్కడ దాచారు. అన్ని సంతకాలూ పడేదాకా జర్నల్ లాగిన్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. మా జర్నల్‌లో వాడేది ఇంగ్లిష్‌లో ఉంది, ఆదివారం కూర్చుని తెలుగులోకి మార్చి ఇక్కడే పెడతాను. ఎవరి ల్యాబ్‌కి తగ్గట్టు వాళ్లు మార్చుకోవచ్చు.